పాట అడుగున మోగే తీగ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల సంచికలో, పాటకు అడుగు స్వరాలు వాయించే బేస్ గిటార్ గురించి నేను రాసిన రెండు పేజీలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా గురించి రెండు మాటలు. 1986లో, పదిహేడేళ్ల వయసులో విజయవాడ ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించడం మొదలుపెట్టాను. 1989 నుంచి 2004 దాకా మద్రాసు స్టూడియోల్లో పాటల రికార్డింగులకు (సెషన్లు అంటాం) వాయించాను. ఆ తర్వాత ఊరికి తిరిగొచ్చి సత్యనారాయణపురంలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకంవి కలిపేసి, ఏడింటికి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు, అందుకని ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: బేస్ తీసేస్తే పాటకు కాళ్లు ఉండవని రాశారు. నేను ఎంత శ్రద్ధగా విన్నా ఆ బేస్ నాకు వినపడటం లేదు. పాటలన్నీ ఫోన్‌లోనే వింటాను. లోపం నా చెవిదేనా?
– రిటైర్డ్ టీచర్, తెనాలి

మాస్టారూ, మీ చెవి బాగానే ఉంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను ఊరికే మీటితే అది సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. గోరంత ఉండే ఫోన్ స్పీకరుకు అంత నిదానంగా గాలిని తోసే బలం ఉండదు. ఆ తీగ మోగేటప్పుడు 41తో పాటు 82, 123, 164 ఇలా పైస్వరాలు కూడా పుడతాయి. వాటిలో బాగా పైన ఉన్నవే ఫోన్‌లోంచి మీకు అందుతాయి. వాటిని బట్టి అడుగున ఉన్న స్వరం ఇదై ఉంటుందని మెదడు పోల్చుకుంటుంది. అందుకే ఫోన్‌లో పాట మరీ బోసిగా అనిపించదు, అలాగని బేస్ విడిగానూ దొరకదు. అన్ని వాద్యాల శబ్దాలనూ కలిపే మిక్సింగ్ చేసేటప్పుడు మేము కూడా ఈ పైస్వరాలను కావాలనే కాస్త పెంచుతాం, ఫోన్‌లో వినేవాళ్లకు ఆ మాత్రమైనా చేరాలని.

మీ అబ్బాయిదో మనవడిదో పెద్ద హెడ్‌ఫోన్ ఒకటి తీసుకోండి. ఇళయరాజా గారి 1980ల పాట, మీకు నోటికొచ్చినది ఒకటి పెట్టుకోండి. మొదటిసారి గాయకుణ్ణి వదిలేసి, డ్రమ్స్‌లో కాలితో కొట్టే ఆ 'డుబ్' ఒక్కటే వినండి. రెండోసారి దాన్ని అంటిపెట్టుకుని నడిచే స్వరం కోసం చూడండి. అది దొరికాక మూడోసారి పాటను వదిలేసి ఆ స్వరాన్ని మీరు పాడండి. ఇళయరాజా గారు ఒక్కొక్క వాద్యానికీ స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో, స్వరాలు రాసి ఇచ్చేవారు, బేస్‌కు కూడా. ఆయన దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించినవారు శశిధరన్ గారు. ఆ బేస్ లైన్లను విడిగా పాడుకుంటే పల్లవి పక్కన ఇంకో పల్లవి నడుస్తున్నట్టు ఉంటుంది.

ఈ మోత మనకేమీ కొత్త కాదు మాస్టారూ. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతికి రవ్వ ముద్ద అద్దేది ఈ మోత కోసమే. బుర్రకథలో వంత పాడేవాళ్ల చేతిలో గుమ్మెట 'గుం' అన్నప్పుడు కడుపులో తగిలేది కూడా అదే. పద్మశ్రీ నాజర్ గారి జిల్లా మీది, ఆ గుమ్మెట మోత మీరు వినే ఉంటారు. నేను మొదట విన్న బేస్ మాత్రం రైలుది. సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట నా చిన్నప్పుడు రైలు పట్టాలు ఉండేవి. మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. రాత్రి గూడ్సు బండి వస్తుంటే చప్పుడు వినపడకముందే నులక మంచం సన్నగా వణికేది. ఆ వణుకు తెలియగానే నేను లేచి కూర్చునేవాణ్ణట.

ప్రశ్న: అంకుల్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. రెండేళ్లుగా బేస్ నేర్చుకుంటున్నాను. సెషన్ ప్లేయర్ అవ్వాలని ఉంది. నాన్నగారు ససేమిరా అంటున్నారు. దీంతో బతకొచ్చా? అన్ని రకాల పాటలూ వాయించగలగాలంటే ఏం నేర్చుకోవాలి?
– విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

బాబూ, ముందు బీటెక్ పూర్తి చెయ్యి. మీ నాన్నగారి మాట నెగ్గాలని అనడం లేదు. సెషన్ పనిలో మొదటి మూడు నాలుగేళ్లు ఏ నెల ఎంత వస్తుందో చెప్పలేం. ఆ రోజుల్లో అద్దె కోసం చెడ్డ పని ఒప్పుకోకుండా నిన్ను నిలబెట్టేది చేతిలో ఉన్న ఇంకో పనే. నాకు ఆ ఆధారం లేక మొదటి రెండేళ్లు మద్రాసులో వడపళని పక్కన ఒక గదిలో ఐదుగురితో సర్దుకున్నాను.

సెషన్ అంటే ఏమిటో నీకు సరిగ్గా తెలియాలి. పొద్దున ఫోన్ వస్తుంది. ఏ పాటో, ఎవరు పాడుతున్నారో, ఏ శ్రుతో చెప్పరు. వెళ్లి కూర్చుంటే కాగితం పెడతారు. ఒక్కోసారి అదీ ఉండదు, హార్మోనియం మీద ఒకసారి వినిపిస్తారు. రెండు రిహార్సల్స్, తర్వాత టేక్. గంటన్నరకు ఆ పాట అయిపోతుంది, బయట ఎక్కడైనా వినపడేదాకా మళ్లీ దాని ముఖం చూడవు. 1992లో నాది ఒక రోజు చెబుతాను. పొద్దున అయ్యప్ప భక్తి పాటల క్యాసెట్. మధ్యాహ్నం ఒక తమిళ సినిమా పాట, డిస్కో బీటు. సాయంత్రం సబ్బు ప్రకటన, ముప్పై సెకన్లు. భక్తి పాటకు తబలా జోడీలో ఎడమచేతి బాయాకు అడ్డం రాకుండా నిదానంగా, స్వరం సాగేలా వాయించాలి. డిస్కోకు ప్రతి స్వరాన్నీ మీటిన వెంటనే నొక్కి ఆపాలి, లేకపోతే కాలు కదలదు. సబ్బు ప్రకటనకు పెద్దగా ఆలోచించే సమయమే ఉండదు. అదే గిటార్, అవే తీగలు. మారాల్సింది నా చెయ్యి.

ఇలా చెయ్యి మార్చుకోవడం ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే పినో పల్లాడినో అనే బేస్ వాద్యకారుడి గురించి చదువు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో 1957లో పుట్టారు. 1980లలో, మెడ మీద లోహపు అడ్డ మెట్లు లేని ఫ్రెట్‌లెస్ బేస్ మీద పాడుతున్నట్టు జారే స్వరాలతో పేరు తెచ్చుకున్నారు. 2000లో డి ఏంజెలో అనే గాయకుడి ఆల్బంలో తాళానికి వెంట్రుకవాసి వెనక కూర్చుని, ఊగుతున్నట్టు వాయించారు. 2002లో ది హూ అనే రాక్ బృందంలో బేస్ వాయించే జాన్ ఎంట్విసిల్ హఠాత్తుగా చనిపోతే, కొద్ది రోజుల్లోనే ఆ స్థానంలో వేదిక ఎక్కి ఆ హోరులో నిలబడ్డారు. మూడు చోట్లా మూడు వేరు చేతులు. మూడూ విని చూడు.

ఇక నేర్చుకోవడం. స్టాఫ్ నొటేషన్ చదవడం రావాలి, తడుముకోకుండా. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ పరీక్షల్లో బేస్‌కు గ్రేడ్లు ఉన్నాయి. సర్టిఫికెట్ సంగతి అలా ఉంచు, ఆ పుస్తకాలతో రోజూ చదివే అలవాటు వస్తుంది. నీకు రాగాలు కూడా తెలియాలి. మోహనంలో పాట నడుస్తుంటే బేస్‌లో ఆ రాగంలో లేని మధ్యమమో నిషాదమో వేస్తే ఎక్కడ తగులుతుందో చెవికి తెలిసిపోవాలి. దానికి గాత్రం నేర్చుకోవడం దగ్గర దారి. విజయవాడలో ఘంటసాల గారి పేరున ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. నేను బేస్ పట్టుకున్న ఆరేళ్లకు గాత్రం మొదలుపెట్టాను. ముందే మొదలుపెట్టి ఉంటే మద్రాసులో చాలా టెన్షన్ తప్పేది.

రోజుకు ఇరవై నిమిషాలు తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 50 దెబ్బల్లో పెట్టి ఒక్క స్వరమే వాయించు. వేగంగా వాయించడం చాలామంది నేర్చుకుంటారు. నిదానంలో నిలబడటం కష్టం. రెండు దెబ్బల మధ్య ఉన్న ఖాళీలో చెయ్యి తొందరపడుతుంది.

ఇంకొకటి, నాకు జరిగినది. మద్రాసులో నా మూడో కాల్‌షీట్. వయొలిన్లు, ఫ్లూట్, డ్రమ్స్, కోరస్ అందరం ఒకే హాల్లో, ముప్పై మందికి పైగా ఉన్నాం. ఒక్కరు తప్పు చేస్తే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాలి. నా పనితనం అందరికీ తెలియాలని చరణంలో గాయని ఊపిరి తీసుకునే చోటల్లా వేళ్లు పరిగెత్తించాను. ఆ పాటకు వాద్యాల స్వరాలు రాసిన అరేంజర్ టేక్ ఆపి నా దగ్గరికి వచ్చారు. కోప్పడలేదు. నా ముందున్న కాగితం మీద పెన్సిల్‌తో, నేను కలిపినవే కాదు, ఆయన రాసిన స్వరాల్లోనూ సగం కొట్టేసి వెళ్లిపోయారు. మిగిలిన వాటితో వాయించాం. ఆ టేక్ ఓకే అయ్యింది. చరణంలో ఆ అమ్మాయి గొంతు అంతకుముందు నాకు అంత దగ్గరగా వినపడలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా గిటార్ పెట్టెలోనే ఉంది.

బతకొచ్చా అని అడిగావు. సినిమా సెషన్లు ఒక్కటే నమ్ముకుంటే కష్టం. మన ప్రాంతంలో ఇవాళ బేస్ వాయించి బతుకుతున్నవాళ్లను చూస్తే చర్చి పాటల రికార్డింగులు, పెళ్లిళ్లలో లైవ్ బ్యాండ్, ఇంట్లోంచి ట్రాక్ వాయించి హైదరాబాద్‌కో చెన్నైకో ఫైలు పంపడం, వారానికి నాలుగు రోజులు పాఠాలు చెప్పడం, ఇవన్నీ కలిస్తేనే నెల గడుస్తుంది. నువ్వు ఒక లెక్కల పుస్తకం పెట్టు. వచ్చిన ప్రతి రూపాయీ, ఎక్కడ వాయించావో, ఎన్ని గంటలు పట్టిందో రాయి. ఏడాది తర్వాత ఆ పుస్తకం మీ నాన్నగారి చేతిలో పెట్టు. మా నాన్న నన్ను నమ్మింది అలాంటి పుస్తకం చూసే.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. చర్చిలో బేస్ గిటార్ చూసి అదే కావాలంటోంది. చేతులు చిన్నవి, వేళ్లు పాడవుతాయని, అది మగపిల్లలు వాయించేదని బంధువులు అంటున్నారు. కొనివ్వమంటారా అన్నయ్యా?
– గృహిణి, పటమట, విజయవాడ

కొనివ్వమ్మా. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు ఉంటుంది. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు కూడా ఉన్నాయి, మెట్లు దగ్గరగా ఉంటాయి, తీగలు కాస్త మెత్తగా ఉంటాయి. నాలుగు తీగలదే తీసుకో. ఐదు తీగలది కొనమని షాపులో చెబుతారు, ఇప్పుడే వద్దు. పట్టీ వెడల్పుగా ఉండాలి, బరువంతా భుజం మీద ఒకే గీతలో పడకూడదు. మొదటి నెల వేలికొనలు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది, అది మామూలే. మణికట్టు నొప్పి పుడితే మాత్రం అది మామూలు కాదు. వెంటనే ఆపించి, చెయ్యి ఎలా పెడుతోందో తెలిసినవాళ్లకు చూపించు. పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు చాలు.

మీ బంధువులకు క్యారల్ కే గారి సంగతి చెప్పు. లాస్ ఏంజెలెస్‌లో ఆమె గిటార్ వాయించేవారు. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించేవాళ్లు రాకపోతే ఆ బేస్ ఆమె అందుకున్నారు. అప్పటి నుంచి అమెరికాలో సినిమాలకూ టీవీకీ రేడియో పాటలకూ ఆమె వాయించినవి వేలల్లో ఉన్నాయి. మన దేశంలో మోహినీ డే ఉన్నారు, ముంబై అమ్మాయి, 1996లో పుట్టింది. నాన్న కూడా బేస్ వాద్యకారుడే, చిన్నప్పుడే చేతిలో బేస్ పెట్టారు. ఎ.ఆర్. రెహమాన్ గారి వేదికల మీద ఆమె వాయిస్తుంటే చూడమని మీ అమ్మాయికి చెప్పు.

నువ్వు రాసిన చివరి వాక్యం, 'అది పడుకునే ముందు కూడా దిండు మీద వేళ్లు ఆడిస్తోంది' అన్నది, రెండుసార్లు చదువుకున్నాను. ఆలస్యం చేయకు.

ప్రశ్న: బేస్ తీగలు ఎన్నాళ్లకు మార్చాలి సార్?
– చీరాల

వారానికి నాలుగైదు రోజులు వాయించేవాళ్లయితే మూడు నాలుగు నెలలకు. మన కోస్తా ఉక్కకు, చేతి చెమటకు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడిస్తే ఇంకొన్నాళ్లు వస్తాయి. మెరుపు శబ్దం అక్కర్లేదు, గుండ్రంగా వినపడితే చాలనుకుంటే పైచుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకోండి, అవి ఏళ్లు వస్తాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటల్లో చాలావాటికి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేవారు కాదు.

ప్రశ్న: ఒకాయన తన ఆల్బంలో నాలుగు పాటలకు నాతో బేస్ వాయింపించుకున్నాడు. ఫైళ్లు పంపాక ఫోన్ ఎత్తడం లేదు. యూట్యూబ్‌లో పాటలు వచ్చాయి, కింద నా పేరు లేదు. డబ్బు రాకపోయినా పర్లేదు కానీ పేరు లేకపోవడం నిద్ర పట్టనివ్వడం లేదు అన్నా.
– మంగళగిరి

తమ్ముడూ, డబ్బు రాకపోయినా పర్లేదు అని ఇంకెప్పుడూ అనకు. నువ్వు ఆ మాట అన్నావని తెలిస్తే నీ తర్వాత వెళ్లే కుర్రాడికి కూడా ఇవ్వరు.

నీ బాధ నాకు తెలుసు. 1994లో ఒక క్యాసెట్ కంపెనీకి పన్నెండు పాటలు వాయించాను. అట్ట మీద తబలా, ఫ్లూట్, కీబోర్డ్ వాద్యకారుల పేర్లు ఉన్నాయి, బేస్ మాటే లేదు. అడిగితే 'బేస్ ఎవరికి వినపడుతుంది' అన్నారు. ఆ క్యాసెట్ మా అమ్మకు ఇద్దామని కొన్నాను. బీసెంట్ రోడ్డులో ఒక షాపు ముందు నిలబడి అట్ట మొత్తం చదివి, ఇవ్వకుండా జేబులో పెట్టుకున్నాను.

జేమర్సన్ లాంటి మనిషికే ఇది తప్పలేదు. 1960లలో అమెరికా రేడియోలన్నీ ఆయన బేస్‌తో మోగాయి. ఆయన పేరు మోటౌన్ ఆల్బం అట్ట మీద అచ్చయింది 1971లో, గాయకుడు మార్విన్ గే ఆల్బం వచ్చినప్పుడు. 1983లో, యాభై ఏళ్లైనా నిండకుండా చనిపోయారు. ఆయన ఎవరో చాలామందికి తెలిసింది ఆ తర్వాతే.

పేరు కోసం పట్టుబట్టడానికి మనకు ఇంకో కారణం ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం ప్రదర్శకులకు, అంటే పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ హక్కు ఉంది. అదే చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. సినిమాలో ఒకరి ప్రదర్శన అనుకోకుండానో చిన్నపాటిగానో చేసినదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా పేరు వేయకపోతే, ఆ మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించరు. తన ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. అందుకే పేరు మన సరదా కోసం అడిగేది కాదు, ఆస్తి కాగితం లాంటిది. నీది సినిమా కాదు, ఆల్బం. నీ విషయంలో చట్టం ఎంతవరకు పనికొస్తుందో లాయరును కలిసి తెలుసుకో.

ఈసారికి ఆయనకు మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు. ఏ తేదీన ఏ పాట ఫైలు పంపావో, ఎంత మాట్లాడుకున్నారో, పేరు ఎక్కడ వేయాలో అందులో ఉండాలి. ఫైళ్లు, అవి పంపిన మెయిళ్లు చెరపకు. ఇక ముందు పని ఒప్పుకునే రోజే వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాసి అవతలివాళ్లతో 'ఓకే' అనిపించుకో. సగం డబ్బు ముందు తీసుకో. వినిపించడానికి ఎంపీ3 పంపు, మధ్యలో రెండు చోట్ల శబ్దం ఆపేసి. మిగతా సగం వచ్చాకే అసలు వేవ్ ఫైలు, పూర్తి నాణ్యతతో (48 కిలోహెర్ట్జ్, 24 బిట్). నా స్టూడియోలో ఎవరు వాయించినా, డోలక్ కొట్టిన కుర్రాడి నుంచి చప్పట్లు కొట్టిన పిల్లల దాకా, పేర్లన్నీ ఒక కాగితం మీద వాళ్ల చేతే రాయించుకుంటాను, స్పెల్లింగ్ తప్పు పోకుండా. పాటతో పాటు ఆ కాగితం కూడా పంపుతాను. పేర్లు వేయనంటే ఆ పని ఒప్పుకోను. రెండు పనులు అలా పోయాయి.

ప్రశ్న: ఇప్పుడు బేస్ అంతా కీబోర్డ్‌లోనే వచ్చేస్తోంది కదా, మనిషి ఎందుకు? మీరు పోయిన నెల ప్రొడ్యూసర్ అని కూడా రాసుకున్నారు. సినిమా ఏమైనా తీశారా?
– అరండల్‌పేట, గుంటూరు

మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. అందుకే మీకు ఆ సందేహం వచ్చింది. సినిమా తీయలేదండీ. పాట రికార్డింగులో మ్యూజిక్ ప్రొడ్యూసర్ అంటే ఆ పాట చివరికి ఎలా వినపడాలో నిర్ణయించి, అలా వినపడేదాకా బాధ్యత మోసేవాడు. బాణీ వేరేవాళ్లది కావచ్చు. ఏ శ్రుతిలో పాడాలి, ఎంత వేగం, ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు, ఏ టేక్ ఉంచాలి, ఎక్కడ ఆపాలి, ఇవి ప్రొడ్యూసర్ పని.

నేను ఇటు రావడానికి కారణం మీ మొదటి ప్రశ్నలోనే ఉంది. 1992లో రెహమాన్ గారి తొలి సినిమా పాటలు వచ్చాక మద్రాసులో పనితీరు మారింది. అందరూ ఒకే హాల్లో కూర్చుని వాయించడం తగ్గింది. చాలాచోట్ల బేస్ కీబోర్డ్‌లోకి వెళ్లిపోయింది. 1991లో నెలకు ఇరవై దాకా ఉండే నా కాల్‌షీట్లు 1998 నాటికి నాలుగుకు వచ్చాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ కీబోర్డ్ మీద నాకు కోపం లేదు. కొన్ని పాటలకు దాని బేస్ చక్కగా కుదురుతుంది, తీగకు లేని గట్టిదనం దానికి ఉంటుంది. అన్నీ కంప్యూటర్‌లో చేసుకోగల రెహమాన్ గారే కీత్ పీటర్స్ గారిని పిలిచి బేస్ వాయింపించుకున్నారని కూడా మరిచిపోకూడదు. స్వరం మొదలవడం యంత్రం బాగానే చేస్తుంది. ఎప్పుడు ఆగాలి, ఒక స్వరం నుంచి ఇంకోదానికి ఎంత జారాలి, గాయకుడు అలిసిన చోట ఎంత తగ్గాలి, వీటికి పక్కన కూర్చుని వినే మనిషి కావాలి.

పని లేని ఆ రోజుల్లో నేను ఇంటికి పోకుండా ఇంజినీరు గదిలో వెనక బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఆయన ఏ వాద్యాన్ని ఎందుకు తగ్గిస్తున్నారో చూస్తూ ఉండేవాణ్ణి. బేస్ వాయించేవాడికి ఇది త్వరగా అబ్బుతుంది. ఒక చెవి డ్రమ్స్ మీద, ఒక చెవి గొంతు మీద పెట్టి పదేళ్లు గడిపినవాడు అప్పటికే పాట మొత్తాన్ని వింటూ ఉంటాడు. ఇందులో అందరికీ పెద్ద దారి చూపించినవారు మార్కస్ మిల్లర్. న్యూయార్క్‌లో ఇరవై ఏళ్ల వయసు వచ్చేసరికే సెషన్లకు పేరు తెచ్చుకున్న బేస్ వాద్యకారుడు. 1986లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'టుటు' ఆల్బంలో చాలా పాటలు తానే రాసి, చాలా వాద్యాలు తానే వాయించి, నిర్మాణంలోనూ పాలుపంచుకున్నారు. అంతా చేసి, ట్రంపెట్‌కు ఎంత చోటు వదిలారో వినండి.

నేను మొదట ప్రొడ్యూస్ చేసింది గుంటూరులో ఒక చర్చి కోయిర్‌ది. 2001లో పాత కంప్యూటర్, సౌండ్ కార్డ్ కొని బస్సులో తీసుకెళ్లాను. ఆరు పాటలు. ప్రధానంగా పాడే ఆమె నర్సు, నైట్ డ్యూటీ చేసి వచ్చేది. ఎఫ్ శ్రుతిలో పాడుతుంటే పై స్వరాల దగ్గర గొంతు బిగుసుకుంటోంది. అందరూ ఆమెనే తప్పుపడుతున్నారు. శ్రుతిని డీకి దించాను. ఒప్పుకోలేదు, పెద్దవాళ్ల కాలం నుంచి ఎఫ్‌లోనే పాడుతున్నామన్నారు. ఒక్కసారి పాడి చూడమని బతిమాలాను. రెండో చరణం అయ్యేసరికి కోయిర్‌లో వెనక వరస పెద్దామె కళ్లు తుడుచుకుంటోంది. ఆ ఆరు పాటల్లో నేను బేస్ వాయించింది రెండింటికే. మిగతా నాలుగింటికి ఆర్గన్ ఎడమ చెయ్యే సరిపోయింది.

ప్రశ్న: ఇన్నేళ్లలో మీరు వాయించిన వాటిలో మీకు బాగా ఇష్టమైనది ఏది మాస్టారూ?
– మచిలీపట్నం

అది బయటకు రాలేదమ్మా. 2011లో కృష్ణలంక నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాయనమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమెకు దంపుళ్ల పాటలు వచ్చు. ఆమె తర్వాత పాడేవాళ్లు లేరు, రికార్డు చేయాలన్నాడు. హెడ్‌ఫోన్ పెడితే తల బరువుగా ఉందని తీసేసింది. తాళం కోసం హెడ్‌ఫోన్‌లో వేసే క్లిక్ చప్పుడు వేస్తే పాట మరిచిపోయింది. అన్నీ ఆపేసి, చాప వేసి, ఒక్క మైకు పెట్టాను. చాప మీద అరచేత్తో తడుతూ, వడ్లు దంచే ఊపులో తొమ్మిది పాటలు పాడింది. వేగం ఒకచోట పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది, ఊపిరి అందినట్టు.

కుర్రాడు బేస్ కూడా వేయమన్నాడు. పది రోజులు పట్టింది. ఆ అరచేయి చప్పుడే అప్పటికి బేస్‌లా ఉంది. దాని కిందికి వెళ్లకుండా, ముందుకు పోకుండా, పాటకు మూడు స్వరాలకు మించకుండా ఫ్రెట్‌లెస్ మీద వాయించాను. తాళం లెక్కకు కంప్యూటర్‌లో గ్రిడ్ లేదు, గీతలు లేవు, ఆమె చెయ్యి ఎక్కడ పడుతుందో నోటికి వచ్చేదాకా విని వాయించడమే.

వినడానికి మళ్లీ వచ్చింది. పాట అయిపోయాక 'నువ్వు వాయించింది ఏదయ్యా, నాకు తెలియలేదు' అంది. పెద్ద స్పీకరు దగ్గర కుర్చీ వేసి, మళ్లీ పాట పెట్టి, ఆమె చెయ్యి తీసుకుని స్పీకరు మీద పెట్టాను. కాసేపు అలాగే ఉంచింది. 'రోకటిపోటులా ఉంది' అని, పాట మొత్తం అయ్యేదాకా చెయ్యి తీయలేదు.